మూడోసారి పట్టిన పిండి

ఆ వీధిలో మర బాబాయిని బాబాయి అని పిలవనివాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు ఆయన భార్య, రెండోది ఆయన కూతురు. తక్కిన వాళ్ళందరికీ, ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళకు కూడా, ఆయన బాబాయే. ఆయన భార్య పిన్ని. పిండిమర నడిపినన్నాళ్ళూ ఆ వరసలు అలా అతుక్కుపోయాయి. మర మూసేశాక కూడా ఊడలేదు.

ఇప్పుడు ఆ గదిలో ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టారు. గోడలకు రంగు వేశారు, గాజుబల్లలు తెచ్చారు, అన్నీ బాగానే ఉన్నాయి. కానీ పైకప్పు దూలం మీదికి ఎవరి చెయ్యీ అందలేదు. ముప్పయ్యెనిమిదేళ్ళ పిండి అక్కడ పేరుకుని ఇంకా ఉంది. వాన పడ్డ రోజున తడిగాలికి అది వాసన వేస్తుంది. అలాంటి రోజున బాబాయి లేని పని కల్పించుకుని ఆ దుకాణానికి బయల్దేరతాడు. బంగారంలా పనిచేస్తున్న ఫోను తీసి ఇచ్చి, "సరిగ్గా వినపడట్లేదయ్యా, కాస్త చూడు" అంటాడు. ఆ దుకాణంలో కూర్చునే అతను మంచివాడు. ఏ రోగమూ లేని ఫోనును అరగంటసేపు శ్రద్ధగా చూస్తాడు. ఆ అరగంటా బాబాయి బల్ల మీద కూర్చుని, ముక్కు ఎగబీలుస్తూ, పాతరోజుల్లోకి వెళ్ళివస్తాడు.

మర అంటే చూసేవాళ్ళకు ఏముంది? రెండు రాళ్ళు, ఒక మోటారు, ఒక బెల్టు. పైన గరాటులో గింజలు పోస్తే, కింద కట్టిన గుడ్డ గొట్టంలోంచి వెచ్చటి పిండి దిగుతుంది. గడపలోంచి వీధి దాకా డబ్బాలు వరస కట్టి ఉండేవి. ఏ డబ్బా ఎవరిదో తెలియడానికి చేతిపిడికి గుడ్డపేలికలు. ఎర్రపేలిక లాండ్రీ ఆవిడది, చారల పేలిక బస్సు డ్రైవరుది. "ముందువాళ్ళ పిండి నా డబ్బాలో పడింది" అని ఒకరు, "నా పిండి వెనకవాళ్ళకు పోయింది" అని ఇంకొకరు రోజూ పోట్లాడుకునేవారు. బాబాయి కనుబొమలు, చెవుల మీద వెంట్రుకలు పాతికేళ్ళ వయసుకే తెల్లగా ఉండేవి. సాయంత్రం మొహం కడుక్కుంటే మళ్ళీ పడుచువాడయ్యేవాడు.

ఆయన కళ్ళతో కాదు, చెవులతో పిండి పట్టేవాడు. గింజ తక్కువైతే రాయి ఒకలా మోగుతుంది, ఎక్కువైతే ఇంకోలా మూలుగుతుంది. రాళ్ళ మధ్య సందు తగ్గించే ఇనప చక్రం ఒకటుండేది. దాన్ని వెంట్రుకవాసి తిప్పి, తలవంచి విని, మళ్ళీ తిప్పేవాడు. నెలకోసారి పైరాయి విప్పి, ఉలి పుచ్చుకుని, అరిగిపోయిన గంట్లు తనే మళ్ళీ కొట్టుకునేవాడు. ఆ పనికి మనిషిని పిలవమంటే ఒప్పుకునేవాడు కాదు. "ఆయన మరలో పట్టిస్తే పిండి మొహానికి రాసుకోవచ్చు" అని వీధిలో చెప్పుకునేవారు. ఆ మాట ఆయన చెవిన పడ్డప్పుడల్లా పైకి విసుక్కునేవాడు గానీ, లోపల ఉబ్బితబ్బిబ్బయ్యేవాడు.

"గరుకుగా పట్టేవాడికి మరెందుకు? ఇంట్లో రోలు చాలదూ?" అనేవాడు.

ఈ మెత్తదనం పిచ్చి ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. దాని వెనక ఒక నీలం పేలిక డబ్బా ఉంది.

బాబాయికి ఇరవై నాలుగేళ్ళప్పుడు, ఒక రోజు పొద్దున్నే, టైలరు దగ్గర కాజాలు కుట్టే అమ్మాయి నీలం పేలిక కట్టిన డబ్బాలో గోధుమలు తెచ్చింది. ఆయన పట్టి ఇచ్చాడు. ఆ అమ్మాయి చిటికెడు పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని రుద్దింది.

"ఏవండీ, ఇంకొంచెం మెత్తగా పట్టండి."

పట్టాడు. ఆమె మళ్ళీ రుద్దింది. "ఇంకొంచెం" అంది.

మూడోసారి పట్టాక ఆమె తల ఊపింది. వేరేవాళ్ళయితే డబ్బా చేతిలో పెట్టి, ఇష్టముంటే తీసుకెళ్ళు, లేకపోతే పో అనేవాడు. ఆమెను అనలేదు. పై వారం మళ్ళీ అదే తంతు. ఆ పై వారమూ అంతే. వెనక వరసలో ఉన్నవాళ్ళు గొణిగారు. బాబాయి తల్లి నాలుగు వారాలు చూసి చూసి, ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఆ పిల్ల పిండికి మూడుసార్లు కరెంటు కాలుస్తున్నావు. పెళ్ళి చేసుకుంటే ఒకసారితో సరిపోతుందేమో కదురా?"

పెళ్ళయితే అయింది గానీ, ఒకసారితో మాత్రం సరిపోలేదు.

పిన్ని కాపురానికి వచ్చాక కాజాల పని మానలేదు. మరగదిలోనే కిటికీ పక్కన కుర్చీ వేసుకుంది. నల్లబట్టల మీద పిండి పడకుండా మధ్యలో ఒక తెర కట్టించింది. తెరకు ఇవతల మర, అవతల సూది. కొత్తరకం గింజ వచ్చినప్పుడల్లా బాబాయి చిటికెడు పిండి అరచేతిలో పట్టుకుని తెర తొలగించేవాడు. ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళతో రుద్దేది. "ఇంకొంచెం" అనేది, లేదా "చాలు" అనేది. మర చప్పుడులో ఇంకో మాట వినపడదు కూడా. ముప్పై ఏళ్ళపాటు పగటిపూట వాళ్ళిద్దరి మధ్య నడిచిన సంభాషణంతా ఆ రెండు మాటలే. ఫోన్ల దుకాణంలో కూర్చున్నప్పుడు బాబాయికి అన్నిటికంటే ఎక్కువగా గుర్తొచ్చేది ఆ తెర. పాతబడి, ఇస్త్రీ లేక, అంచులు ఊడిపోయిన పచ్చతెర. అలాంటి సుఖం మళ్ళీ ఎక్కడా దొరకలేదంటాడు.

పిన్నికి యాభై ఆరో ఏట చక్కెర జబ్బు బయటపడింది. మొదట దాహం, తర్వాత నీరసం. మాత్రలు రాసిచ్చారు. వేసుకుంది. ఆ తర్వాత ఒక రోజు సూదిలో దారం ఎక్కించబోయి, పదిసార్లు తప్పి, పదకొండోసారి సూదిని బల్ల మీద పెట్టేసింది. ఎవరినీ పిలవలేదు, ఊరికే కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. తెర సందులోంచి బాబాయి అది చూశాడు. మర్నాటి నుంచి పొద్దున్నే మర వేయకముందు పది సూదులకు దారాలు ఎక్కించి తెరకు గుచ్చి పెట్టేవాడు. ఆవిడా అడగలేదు, ఈయనా చెప్పలేదు.

కంటి డాక్టరమ్మ మాత్రం దాపరికం లేకుండా చెప్పింది. రెండు కళ్ళలోనూ పొర ఉంది. పొర తీయడం పెద్ద పని కాదు. కానీ ఒంట్లో చక్కెర ఈ లెక్కన ఉంటే కత్తి పెట్టలేం. పైగా కంటి లోపలి సన్నటి రక్తనాళాలు ఇప్పటికే దెబ్బతింటున్నాయి. ఇలాగే సాగితే తర్వాత పొర తీసినా చూపు రాకపోవచ్చు.

"మూడు నెలల్లో చక్కెర దించండి. ఎంత తొందరగా దించితే అంత మంచిది" అని చెప్పి చీటీ మీద రెండు వాక్యాలు రాసింది. తెల్లబియ్యం, మైదా తగ్గించాలి. ముడిధాన్యాలు తినాలి. బయట ఇంకా నలభైమంది కూర్చుని ఉన్నారు. అంతకంటే విడమరిచి చెప్పే తీరిక ఆవిడకు లేదు.

ఇల్లు చేరాక పిన్ని ఒక్క మాట అంది. "చూపు పోతే నేను చేతులు ముడుచుకు కూర్చోవాలండీ. నాకు చేతనైంది అదొక్కటే."

"నేనుండగా నీ చూపెలా పోతుంది?" అన్నాడు బాబాయి. నిజం చెప్పాలంటే ఆ చీటీ చూశాక ఆయనకు ప్రాణం లేచొచ్చింది. మందులూ ఇంజెక్షన్లూ అయితే ఆయన ఏం చేయగలడు? ధాన్యం అన్నారు. ధాన్యం సంగతి ఆయనకు చెప్పేవాడు ఈ భూమ్మీద పుట్టలేదని ఆయన నమ్మకం.

గింజల కొట్టుకు స్వయంగా వెళ్ళాడు. "అందరూ మీ దగ్గరికి గింజలు తెస్తే, మీరు మా దగ్గరికొచ్చారేంటి బాబాయ్?" అని కొట్టతను నవ్వాడు. బాబాయి నవ్వే స్థితిలో లేడు. బస్తాల్లోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు గింజలు తీశాడు. కొరికి చూశాడు, వెలుతురుకు పట్టి చూశాడు. బార్లీ రెండు రకాలుంటే, తెల్లగా మెరుస్తున్నదాన్ని పక్కకు నెట్టేశాడు.

"దీన్ని సానబట్టి పైపొర ఊడగొట్టారు. ఉన్న బలమంతా ఆ పొరతోనే పోయింది. అదిగో, ఆ మురికిగా ఉన్నదివ్వు" అన్నాడు. జొన్నలు పుచ్చు లేనివి ఏరుకున్నాడు. గోధుమలు పొట్టుతో ఎర్రగా ఉన్నవి తీసుకున్నాడు. మూడు సంచులు భుజానికెత్తుకుని వస్తుంటే, పెళ్ళికి ముందు పిన్ని ఆ నీలం పేలిక డబ్బా మోసుకొచ్చిన రోజులు గుర్తొచ్చి వీధిలోనే నవ్వుకున్నాడు.

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. ఆ గింజల్లో వంక పెట్టడానికేమీ లేదు. వచ్చిన చిక్కల్లా ఆ తర్వాతే.

పిన్నికి ఆ ఏడాదే కట్టుడు పళ్ళు పెట్టించారు. చిగుళ్ళు ఒరుసుకుని నొప్పి. అందుకని బాబాయి ఆ గింజలన్నీ కలిపి మర పట్టాడు. మళ్ళీ పట్టాడు. మూడోసారి, చక్రం బిగించగలిగినంత బిగించి, రాళ్ళు వేడెక్కి వాసన వచ్చేదాకా పట్టాడు. ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా సన్నటి జల్లెడ తీసి జల్లించాడు. పైన మిగిలిన పొట్టును వీధి చివర మేకలున్న ఇంటికి పంపించేశాడు. కింద మిగిలిన పిండిని అరచేతిలో పెట్టుకుని తెర తొలగించాడు. పిన్ని కళ్ళు మూసుకుని రుద్దింది. రుద్దితే వేళ్ళ మధ్య ఏమీ ఉన్నట్టే లేదు.

"చాలు" అంది. "ఇంత మెత్తగా నా జన్మలో చూడలేదు."

ఆ పిండితో పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు జావ కాచి తనే ఇచ్చేవాడు. "గొంతులో పడ్డట్టే తెలియట్లేదండీ" అనేది పిన్ని. మంచిదే కదా అని మధ్యాహ్నం ఇంకో గ్లాసు కూడా కలిపాడు. ప్రేమ ఎక్కువైనప్పుడు కొలత ఎవరు చూస్తారు?

నెల తిరిగాక పరీక్ష చేయిస్తే చక్కెర దిగలేదు. రెండో నెలకు ఇంకాస్త ఎక్కింది.

"ఏం తింటున్నారమ్మా?" అని డాక్టరమ్మ గట్టిగా అడిగింది.

"జావేనండీ. ముడిధాన్యాల జావ."

డాక్టరమ్మ కాగితం చూసింది, పిన్నిని చూసింది, చివరకు బాబాయిని చూసింది. "జావతో ఇంత రాదే. ఇంట్లో కాస్త కనిపెట్టి చూడండి" అంది.

ఆ ఒక్క మాట బాబాయి బుర్రలో పురుగై దూరింది. గింజ తను ఎంచినది, పిండి తను పట్టినది, జావ తను కాచినది. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. నిప్పు లేనిదే పొగ రాదు. అయితే తప్పు ఎక్కడుంది? ఇంటికి రాగానే చక్కెర డబ్బా, బిస్కెట్లు, తీపి అన్నదల్లా అలమరలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పిన్ని గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏమిటండీ అది?"

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను."

"నన్ను దొంగంటున్నారా?"

"నేనెవరి పేరూ చెప్పలేదే! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం దేనికి?"

సామెతలు అలవాటైన మనిషి చేతిలో సామెత కూడా కర్రే. బాబాయి రెండు దెబ్బలు వేసేశాడు. ముప్పై ఏళ్ళలో ఆమె ఆయనకు తెలియకుండా చిల్లిగవ్వ దాచుకోలేదు, ముద్ద మింగలేదు. అది ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు. భయం పట్టుకున్న మనిషికి ఎవరో ఒకరి మీద కోపం రాకపోతే తోచదు.

పిన్ని ఏడవలేదు. రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుంది. కూతురింటికి వెళుతున్నానంది. ఊరికి అవతలి చివర, ఫ్యాక్టరీ కాంటీనులో వంటపని చేసే కూతురు.

"పిండి అయిపోయింది. పట్టేదాకా ఆగు" అన్నాడు బాబాయి, కాస్త మెత్తబడి.

"అక్కర్లేదు. గింజలే ఇవ్వండి" అంది.

ఆ తర్వాత ఐదు వారాలు బాబాయికి మర ఒక మోత, ఇల్లొక మూగనోము. రోజూ పొద్దున్నే అలవాటు కొద్దీ పది సూదులకు దారాలు ఎక్కించి తెరకు గుచ్చేవాడు. సాయంత్రానికి ఆ పదీ అలాగే ఉండేవి. ఒక రోజు కొత్త గోధుమలు వస్తే చిటికెడు పిండి పట్టుకుని తెర తీశాడు. ఖాళీ కుర్చీ ముందు అరచెయ్యి చాపుకుని నిలబడ్డాడు. వెనక వరసలో నిలుచున్న లాండ్రీ ఆవిడ చూసి, చూడనట్టు డబ్బా సర్దుకుంది. వెళ్ళి పిలుచుకొద్దామని రెండుసార్లు చెప్పులు వేసుకున్నాడు. తప్పు తనది కాదని రెండుసార్లూ విప్పేశాడు.

ఆరో వారంలో కూతురే వచ్చింది. చేతిలో ఒక చిన్న పుస్తకం. అందులో రోజువారీగా తల్లి చక్కెర అంకెలు రాసి ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి దిగుతూ వచ్చాయి.

"చూశావా!" అన్నాడు బాబాయి. "నీ దగ్గర దొంగతిండి కుదరలేదు. నేను ముందే అన్నానా?"

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మరి.

కూతురు పుస్తకం మూసేసింది. "నాన్నా, మా ఇంట్లో పిల్లల బిస్కెట్ల డబ్బాకు మూత కూడా లేదు. అది అమ్మ కుర్చీ పక్కనే ఉంటుంది. ఒక్కటి ముట్టుకోలేదు. అక్కడ ముట్టనిది ఇక్కడ ముట్టిందా?"

బాబాయి ఆ పుస్తకం తీసుకుని అంకెలు మళ్ళీ చూశాడు.

"మరేం తింటోంది?" అన్నాడు చివరికి.

"నువ్విచ్చిన గింజలే. తెల్లారకముందే కాంటీనుకు పోవాలి. పిండి పట్టించుకొచ్చే తీరిక నాకెక్కడిది? ముందురోజు నానేసి, పప్పూ కూరముక్కలూ వేసి కుక్కరులో ఉడికించేస్తున్నా. ఒక చిన్న గిన్నెడు. అమ్మ దాన్ని అరగంటసేపు నముల్తుంది. మొదట్లో పళ్ళు నొప్పన్నా ఇప్పుడు అలవాటైపోయింది. అవే గింజలు, అవే మాత్రలు. ఇక్కడ ఎక్కిన చక్కెర అక్కడెందుకు దిగుతోందో నాకూ అర్థం కాలేదు. ఆస్పత్రిలో తిండి గురించి చెప్పే అమ్మాయి ఒకామె ఉంది. అడిగితే, మీ నాన్నను ఆ పిండి తీసుకుని రమ్మంది."

బాబాయి కొత్తగా పట్టి మరీ తీసుకెళ్ళాడు. మూడుసార్లు పట్టి, జల్లించి, మూత బిగించి. లోపల్లోపల ఒక ఆశ. ఈ పిండి చూస్తే ఎవరైనా సరే తనవైపే మాట్లాడతారని.

ఆ అమ్మాయి బక్కపల్చగా, కూతురికంటే చిన్నదిగా ఉంది. డబ్బా మూత తీసి, చిటికెడు తీసుకుని, వేళ్ళ మధ్య రుద్దింది. అచ్చం పిన్నిలాగే.

"అబ్బ, ఎంత మెత్తగా ఉందండీ! ఇలాంటి పిండి నేనెక్కడా చూడలేదు."

"మూడుసార్లు పట్టానమ్మా" అన్నాడు గొప్పగా. "పొట్టు ఒక్క నలుసు కూడా లేదు."

"అదేనండీ మీ కథ" అంది ఆ అమ్మాయి. కసురుకోలేదు, ఎగతాళీ చేయలేదు. నెమ్మదిగా చెప్పింది. "గింజ గింజలాగే లోపలికి పోతే, దాన్ని అరగదీయడానికి కడుపుకు చాలాసేపు పడుతుంది. చక్కెర కాస్త కాస్తగా రక్తంలోకి వస్తుంది. మీరు కడుపు చేయాల్సిన పనంతా మరలోనే చేసేశారు. దాన్ని జావ కాస్తే ఇంకా పలచన. తాగీ తాగగానే చక్కెర పైకి లేస్తుంది. అడ్డంపడి ఆపే పొట్టేమో ఉండనే లేదు. మంచి గింజ కదా అని గిన్నెలకు గిన్నెలు తిన్నా కష్టమే. కొలత ఉండాలి, పప్పూ కూరగాయలూ తోడుండాలి, మాత్రలు మానకూడదు."

బాబాయి డబ్బా వంక చూస్తూ కూర్చున్నాడు. గింజల కొట్టులో, పైపొర పోయిందని సానబట్టిన బార్లీని పక్కకు నెట్టింది తనే. ఇంటికి తెచ్చి అదే పొరను మేకలకు పోసిందీ తనే. "అంటే, నా మరే..." అని ఆగిపోయాడు.

"గింజ బాగా ఎంచారు బాబాయిగారూ" అంది ఆ అమ్మాయి. పక్క వీధిలో ఉంటుందట, ఆమెకూ ఈయన బాబాయే. "అక్కడితో ఆగాల్సింది."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఎన్నోసార్లు ఎందరి మీదో వాడాడు. ఆ రోజు అది తిరిగొచ్చి తన మీదే పడింది.

పై నెలలో ఆపరేషను జరిగింది. కుడికన్ను పొర తీస్తే చూపు శుభ్రంగా వచ్చింది. ఎడమకంటికీ తీశారు గానీ, లోపల ఎప్పుడో నెత్తురు చిమ్మి పాడైందన్నారు. వెలుగూ నీడా తప్ప ఆ కన్ను ఇంకేమీ పట్టుకోలేకపోయింది. బాబాయి డాక్టరమ్మను పక్కకు పిలిచి అడిగాడు.

"రెండు నెలలు ముందే దిగి ఉంటే ఆ కన్ను నిలిచేదా అమ్మా?"

"చెప్పలేనండీ. నిలిచేదేమో. అప్పటికే పాడై ఉండొచ్చు కూడా. ఎవరూ చెప్పలేరు."

ఆవిడ చెప్పలేకపోయిన జవాబు బాబాయి తనకు తానే చెప్పుకున్నాడు. ఆ జవాబును ఈనాటికీ మార్చుకోలేదు.

పిన్ని ఇంటికి తిరిగి వచ్చిన రోజు, అలమర తాళం తీసి పాత ఇనపసామాను డబ్బాలో పడేశాడు. మరగదిలోకి వెళ్ళి చక్రాన్ని వెనక్కు తిప్పడం మొదలెట్టాడు. ఎప్పుడూ అటు అంతదూరం తిప్పని చక్రం. మొరాయించింది. నూనె వేసి తిప్పాడు. రాళ్ళు ఎడంగా జరిగాయి. గుప్పెడు జొన్నలు, గుప్పెడు బార్లీ పోసి, ఒక్కసారే పట్టాడు. జల్లెడ ముట్టుకోలేదు. గుడ్డ గొట్టంలోంచి రవ్వ బరబరా రాలింది. ఆ చప్పుడుకు చక్రం మీదికి పోబోయిన చెయ్యిని వెనక్కు తీసుకున్నాడు.

"ఏంటి బాబాయ్, మర చెడిపోయిందా?" అన్నాడు వరసలో ఉన్న బస్సు డ్రైవరు.

"చెడిపోలేదయ్యా. ఇప్పుడే బాగుపడింది" అన్నాడు.

మర ఆపేశాడు. అంతమంది డబ్బాలు ఎదురుచూస్తుండగా, పట్టపగలు, ఆ మరను ఆపడం వీధి ఎరగదు. గదంతా ఒక్కసారిగా చడీచప్పుడూ లేకుండా అయిపోయింది. రవ్వ అరచేతిలో పోసుకుని తెర తొలగించాడు.

పిన్ని కుర్చీలో కూర్చుని ఉంది. తెరకు పది సూదులు గుచ్చి ఉన్నాయి. ఆమె వాటిని తీసుకోలేదు. పదకొండో సూదికి కుడికంటితో తనే దారం ఎక్కించుకుంటోంది. రెండోసారికి ఎక్కింది.

"నిన్ను దొంగన్నాను" అన్నాడు బాబాయి. ఇన్నాళ్ళూ మర చప్పుడు చాటున బతికిన గొంతు, ఆ నిశ్శబ్దంలో ఆయనకే కొత్తగా వినపడింది. "తప్పు నా చేతుల్లో పెట్టుకుని నీ మీద వేశాను. నీ కన్ను నేనే పాడుచేశాను. నన్నేమన్నా అను. అనకుండా మాత్రం ఉండకు."

పిన్ని సూదిని తెరకు గుచ్చింది. ఆమె ఏమంటుందోనని వరసలో వాళ్ళు కూడా మెడలు సాచారు.

"ఒకసారి తిన్నానండీ" అంది.

"ఏమిటి?"

"చక్కెర. మీరు తాళం వేసిన రోజునే. కూతురింటికి పోతూ పోతూ, లాండ్రీ ఆవిడింటికి వెళ్ళి అడిగి, చెంచాడు నోట్లో పోసుకుని, నిలబడే మింగేసి పోయాను. అంతకుముందు ఒక్క పలుకు ముట్టి ఉంటే ఒట్టు. ఎలాగూ దొంగన్నారు కదా, ఊరికే మాట పడటం దేనికని తిన్నాను." మొహం చిట్లించి అంది, "అస్సలు బాగాలేదండీ."

వరసలో లాండ్రీ ఆవిడ డబ్బా పేలిక విప్పి మళ్ళీ ముడి వేసుకుంది. బాబాయి నవ్వబోయాడు. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. కళ్ళ నీళ్ళు కారి, బుగ్గల మీది పిండిలో రెండు చారలు పడ్డాయి. తుడుచుకుందామంటే చేతిలో రవ్వ ఉంది. పిన్ని పైటచెంగుతో తనే తుడిచింది. కుడికంటితో ఆయన మొహం దగ్గరగా చూసింది. ఎన్నాళ్ళకో స్పష్టంగా కనపడుతున్న మొహం.

"కనుబొమలు నిజంగానే నెరిసిపోయాయండీ మీకు" అంది. "నేను పిండే అనుకుంటున్నాను."

ఆ తర్వాత ఆయన అరచెయ్యి దగ్గరకు లాక్కుని, చిటికెడు రవ్వ తీసుకుని, అలవాటు కొద్దీ కళ్ళు రెండూ మూసుకుని, వేళ్ళ మధ్య రుద్దింది.

"ఇంకొంచెం గరుకుగా పట్టండి" అంది.

బాబాయి వెళ్ళి మర వేశాడు.